బొంత కుట్టు విద్య

మన నెల్లూరు గొఱ్ఱె దేశమునందలి గొఱ్ఱెలలో మిక్కిలి ఎత్తైనది. తెల్లని పల్ల, మొగమున నల్లమచ్చలు గల జోడిపి, గోధుమవన్నెది అని అందు మూడు తెగలు. ఎఱుగనివారు దానిని చూచి మేక యని భ్రమపడుదురు. ఏలయన దాని మేన ఉన్ని లేదు. పొట్టి వెండ్రుకలే కలవు. తెలంగాణమునందును అనంతపురపు మెట్టనేలలందును కురుమలు, కురుబలు తమ గొఱ్ఱెల ఉన్ని వడికి, చింతగింజల గంజి పెట్టి గొంగళ్లు నేసిరి. శీతలదేశములవారు ఉన్నిదారమును రెండు సూదులతో అల్లి కప్పుకొను దుప్పట్లు చేయుదురు. మన తీరమున ఆ ఉన్ని లేదు గనుక, మన పెద్దలు పాతచీరలతో బొంత కుట్టుకొనిరి. ఆ బొంతను క్రొత్తగా నేర్చువారి కొఱకు ఈ పూట నాలుగు మాటలు మనవి చేయుదును.

మైపాడునగాని కృష్ణపట్నమునగాని చలి యనగా తడిచలి. మనకు వానలు మిక్కుటముగ కురియునది ఈశాన్యపు గాలి వీచు అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసములందు. పెను తుపానులును తఱచుగ అప్పుడే వచ్చును. 1927 నవంబరులో నెల్లూరును కుదిపిన గాలివానను గూర్చి పూర్వులు చెప్పగా వింటిమి. 1984 నవంబరులో శ్రీహరికోట ప్రాంతమున తీరము దాటిన తుపానును కన్నులార చూచినవారు మీలో పలువురుందురు. ఇల్లు విడిచి బడిలోనో తుపాను ఆశ్రయములోనో చల్లని గచ్చునేలపై రాత్రి గడుపవలసి వచ్చినప్పుడు, పసిబిడ్డకు పఱచుటకును కప్పుటకును పొడి బొంత ఒకటి చంక నుండుట ఎంతటి ఊఱటయో వేఱుగ చెప్పనక్కఱలేదు.

బొంతలోని వెచ్చదనము బట్టది కాదు. పొరల నడుమ చిక్కి కదలక నిలిచిన గాలి శరీరపు వేడిని బయటికి పోనీయదు. అందుచేత ఒక్క ముతకబట్టకంటె ఆఱు పలుచని పొరలు మేలు. కట్టి కట్టి మెత్తబడిన వేంకటగిరి నూలుచీర లోపలి పొరలకు శ్రేష్ఠము. నైలాను చీరలను ఇందు చేర్పరాదు. అవి చెమటను పీల్చవు, నిప్పు సోకినచో కరగి ఒంటికి అంటుకొనును.

నేర్చువారు మొదట పిల్లవాని బొంతతో ఆరంభింపవలెను. ఆఱు గజముల పాతచీరను గజమునకొక ముక్కగా కోసినచో ఆఱు పొరలు సిద్ధము. ముందుగా బట్టను ఉతికి, గంజి పోగొట్టి, ఎండలో ఆరవేయవలెను. క్రొత్తబట్టను ఉతుకక చేర్చినచో, అది తరువాత కుంచించుకొని బొంతనంతను ముడుచును. చాప పఱచి, పొరలను ఒకదానిపై ఒకటి సరిచేసి, నాలుగు మూలల బరువులుంచవలెను. చినిగిన చోటులు ఒకదాని క్రింద నొకటి రాకుండ చూడవలెను. నడుమనుండి అంచులకు అఱచేతితో సవరించి, ఆ దిక్కుననే పొడవైన కచ్చాకుట్లు వేసినచో ముడుతలు వెలుపలికి పోవును.

పిదప పెద్దసూదిలో రెండుపోగుల నూలుదారము ఎక్కించి, నడిమి వరుసనుండి కుట్ట నారంభింపవలెను. వరుసకును వరుసకును రెండువ్రేళ్ల ఎడము చాలును. కుట్టు వడ్లగింజంత యుండవలెను. దారము బిగలాగినచో బట్ట ముడుచుకొనును. వదులైనచో కాలివ్రేలు తగులుకొని తెగును. ముడి పొరల నడుమ దాగవలెను. కడపట పాతచీర అంచుచీలికను చుట్టును మడిచి కుట్టి, కచ్చాకుట్లు విప్పివేయవలెను. అల్లికలో ఒక్క కన్ను జాఱినచో వరుస వెంట వరుస విడిపోవచ్చును. బొంతలో ఒక వరుస తెగినను ప్రక్క వరుస పొరలను పట్టియుంచును. కావున తడబడు చేతికి ఈ విద్య అనుకూలమైనది.

బొంతకు ఒక లోపము కలదు. ఉన్ని కొంత తడిసినను తన వెచ్చదనమును పూర్తిగ విడువదు. నూలు తడిసినచో బరువెక్కి చలినే పెంచును. కనుక వానలకు ముందే బొంతను ఎండబెట్టి, నీరు చొరని సంచిలో మూతి బిగించి, అటకపై నుంచవలెను. ఇంటినుండి కదలవలసిన నాడు అది మొదట చేతికందు చోట నుండవలెను.

వంగదేశమున ఈ కుట్టునే కాంథా యందురు. మన నిఘంటువులలో బొంతకు కంథ యను పేరు కలదు. రెండును ఒకటే మాట. అక్కడ అది పూలతోను చిలుకలతోను అంగడి కెక్కి విలువైన వస్తువయ్యెను. మన తీరమున మాత్రము ఈ విద్య ముసలమ్మల చేతులలో మిగిలియున్నది. మా పల్లెలో పొర సరిచేయుట మొదలు అంచు కట్టుటవఱకు చక్కగ తెలిసినవారిని నేను ఇటీవల లెక్కించితిని. ఏడుగురు తేలిరి. వారిలో అఱువదేండ్లలోపువారు ఒక్కరును లేరు. మరదుప్పటి చౌకగా దొరకుచున్నది. కొనువారిని నేను తప్పుపట్టను. కాని నాలుగు దినములు దారులు తెగి, అంగడి మూతపడిన నాడు, ఇంటిలోని పాతబట్టను కప్పుగా మార్చగల చేయి ఇంటిలోనే యుండవలెను.

ఇది ఆడువారి పని యని మగపిల్లలను దూరముంచుట తగదు. పడవనీడన కూర్చుండి చినిగిన వల కన్ను కన్నుగా బాగుచేయు మగవారిని మన తీరమున నిత్యము చూచుచున్నాము. ఆ చేతులకు బొంతకుట్టు కష్టమా?

కావున పెద్దలారా, రానున్న వానలకు ముందు మీ యింటి అరుగుపై ఒక చాప పఱపింపుడు. కుట్టు తెలిసిన అవ్వను ఒక ప్రక్కను, మనుమని, మనుమరాలిని ఇంకొక ప్రక్కను కూర్చుండబెట్టుడు. సూదిలో దారము ఎక్కించుటకు అవ్వకు చూపు చాలదు. ఆ పని పిల్లలు చేయుదురు. వరుస తిన్నగ నడపుట పిల్లలకు రాదు. ఆ పని అవ్వ చూపును. ఒక్క పిల్లబొంత ముగియునప్పటికి విద్య చేయి మాఱియుండును.