మనం పంచే మాంసం, మన బాధ్యత

 

నేను డాక్టరును కాను, బడిపంతుల్ని. సూక్ష్మజీవుల పాఠం చెప్పేటప్పుడు పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, జబ్బుపడిన పశువును కోయరు కదా, మరి మాంసంతో జబ్బు ఎలా వస్తుంది?"

ఈ-కోలై ఓ157 అనే బ్యాక్టీరియా సంగతి చూడండి. 1982లో అమెరికాలో సరిగా ఉడకని హాంబర్గర్లు తిన్నవారికి రక్త విరేచనాలు పట్టుకున్నప్పుడు, ఇది రోగకారకమని తొలిసారి గుర్తించారు. 1993లో అక్కడే, హాంబర్గర్ల వల్లనే, 700 మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురు పిల్లలు చనిపోయారు.

ఈ క్రిమి ఆవులు, గొర్రెలు, మేకల పేగుల్లో ఉండవచ్చు. పశువుకు మాత్రం ఏ జబ్బూ కనబడదు. కోసేటప్పుడు పేగుల్లోని మలినం తగిలితే మాంసానికి అంటుతుంది. ముక్కకైతే పైపైనే ఉంటుంది, ఖీమా కొడితే లోపలంతా కలిసిపోతుంది. చిన్నపిల్లల్లో దీని విషం మూత్రపిండాలనే దెబ్బతీయగలదు. కోళ్లలో ఉండే సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ కూడా ఇలాగే మనుషులకు చేరతాయి.

భయపడవలసిన పని లేదు. లోపలి దాకా 70 డిగ్రీల వేడి తగిలేలా ఉడికిస్తే ఈ క్రిములు చస్తాయి. పచ్చిమాంసం కోసిన కత్తితో, కడగకుండా ఉల్లిపాయ, కీరా కోయకూడదు. వండినదాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు.

ఇక మన సంగతి. బక్రీద్ నాడు పొద్దున కోసిన మాంసం పొట్లాలై వీధి వీధికీ వెళుతుంది. దగ్గరి ఇళ్లకు ముందు అందుతుంది. ఊరి చివరి గుడిసెకు చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఆ ఇంట్లో ఫ్రిజ్ ఉండదు, చిన్నపిల్లలు మాత్రం ఉంటారు. అందరికన్నా బీదవారికే అందరికన్నా ఆలస్యమైన పొట్లం అందడం న్యాయమా?

కాబట్టి దాతలకు నా విన్నపం. ఈసారి మాంసంతోపాటు నాలుగు ఐసు పెట్టెలకు, సబ్బుకూ నీళ్లకూ, పేగులు కడగడానికి వేరే చోటుకు కూడా సాయం చేయండి. పంపకం ఊరి చివరినుంచి మొదలుపెడదాం. ప్రతి పొట్లంలో "బాగా ఉడికించండి, చేతులు, కత్తి కడగండి" అని తెలుగులో, ఉర్దూలో రాసిన చీటీ పెడదాం. ఆ చీటీలు మా బడిపిల్లలచేత రాయించే పూచీ నాది.

ఇచ్చే చేయి శుభ్రంగా ఉంటేనే, తీసుకునే ఇల్లు చల్లగా ఉంటుంది. సెలవు. ఖుదా హాఫిజ్.