విడిభాగం లేని వస్తువు సగం వస్తువే

(డిసెంబరు 24, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు మన సంఘ సమావేశంలో సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం. – సంపాదకవర్గం)



నన్ను మాట్లాడమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, "నేను లాయర్ని కాను. 34 ఏళ్లు బస్సు డిపోల స్టోర్సులో పనిచేసి రిటైరైనవాణ్ణి. చట్టాల గురించి ఏం చెప్పగలను?" అన్నాను. "చట్టం సంగతి తర్వాత, ముందు మీ కర్రల కథ చెప్పండి" అన్నారాయన. ఆ కథలో నష్టపోయిన మనిషి రెండో వరుసలో కూర్చుని ఉంది. మా ఇంటావిడ. ఆవిడ అనుమతి తీసుకునే చెబుతున్నాను.

రిటైరయ్యాక మా ఇద్దరికీ కాలినడక యాత్రల మీద మనసు పడింది. అలిపిరి మెట్లు 3,550 ఎక్కాలన్నా, దిగాలన్నా మోకాళ్లు మాట వినాలి కదా. కొండలెక్కేవాళ్లు వాడే చేతికర్రలుంటాయి, రెండు చేతులా పట్టుకుంటే మోకాలి మీద భారం తగ్గుతుందని మా అబ్బాయి చెప్పాడు. 2021 ఆగస్టులో హైదరాబాదు వెళ్లినప్పుడు ఒక పెద్ద షోరూములో రెండు జతలు కొన్నాం. విదేశీ సరుకు. రెండు జతలూ కలిపి 18,400 రూపాయలు. ఆ ధర విని మా ఇంటావిడ, "ఏమండీ, ఇవి కర్రలా, పట్టుచీరలా?" అంది.

వస్తువు మంచిదే. అబద్ధం చెప్పకూడదు. అల్యూమినియం గొట్టాలు మూడు, ఒకదానిలోకి ఒకటి దూరతాయి. ఎత్తుకు తగ్గట్టు లాగి, పైన ఉన్న ప్లాస్టిక్ లాకును నొక్కితే గొట్టం బిగుసుకుంటుంది. ఒక్కో కర్రకు రెండు లాకులు. కొసన రాతి మీద జారకుండా గట్టి లోహపు మొన. బరువు పావుకిలో. అంతా బాగుంది. అయితే మిత్రులారా, ఆ కర్ర మీద మనిషి వేసే బరువంతా చివరికి ఆ రెండంగుళాల లాకు మీదే ఆగుతుంది. అది వదిలేస్తే కర్ర లేదు.

2022 అక్టోబరులో కేదారనాథ్ వెళ్లాలని టికెట్లు తీసుకున్నాం. సెప్టెంబరు మొదటి వారంలో తిరుమల నడిచి వచ్చాక కర్రలు తుడుస్తుంటే, మా ఇంటావిడ కుడిచేతి కర్ర కింది లాకుకు వెంట్రుకవాసి పగులు కనిపించింది. ప్రయాణానికి ఇంకా 26 రోజులుంది. చిన్న లాకే కదా, తెప్పించుకుందామనుకున్నాను.

షోరూముకు ఫోన్ చేశాను. "మేము అమ్మడం వరకే సార్. స్పేర్ల సంగతి కంపెనీ కస్టమర్ కేర్ చూస్తుంది" అన్నారు. కస్టమర్ కేరుకు చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, మధ్యలో సంగీతం. చివరకు ఒక అబ్బాయి దొరికాడు. ఫొటో పంపమన్నాడు, బిల్లు పంపమన్నాడు. రెండూ ఈ-మెయిల్లో పంపాను. వారంటీ ఏడాదే, నెల క్రితం అయిపోయిందన్నారు. ఉచితంగా ఇమ్మనలేదు నాయనా, డబ్బు తీసుకునే ఇవ్వమన్నాను. రెండు రోజులకు జవాబు వచ్చింది: 'ఫిర్యాదు నమోదైంది, లాకు 7 పనిదినాలలో పంపుతాము, ధర పార్సెల్ అందినప్పుడు చెల్లించవచ్చు.' ఈ ఉత్తరాన్ని గుర్తుపెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.

ఏడు పనిదినాలు గడిచాయి. ఫోన్ చేస్తే, "మీ ఇబ్బంది మాకు అర్థమైంది సార్" అన్నారు. పన్నెండో రోజున మళ్లీ చేస్తే మరొకరు ఎత్తి కథ మొదటినుంచి చెప్పమన్నారు. చెప్పాను. "మీ ఇబ్బంది మాకు అర్థమైంది సార్." పందొమ్మిదో రోజున మూడోవారు ఎత్తారు. ఇబ్బంది అందరికీ అర్థమవుతోంది గాని లాకు మాత్రం కదలడం లేదు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. డిపోలో పగిలిన భాగంతో బస్సు కనిపిస్తే, ఎవరెంత ఒత్తిడి చేసినా రోడ్డెక్కనిచ్చేవాళ్లం కాదు. స్పేరు వచ్చేదాకా బండి ఆగాల్సిందే. అలాంటి నేను, టికెట్లు పోతాయని, ఆ లాకు చుట్టూ కరెంటు పనివాళ్లు వాడే నల్లటేపు నాలుగు చుట్లు చుట్టి కొండకు బయలుదేరాను. మా ఇంటావిడ అడిగింది కూడా. "ఏమండీ, ఇది ఆగుతుందా?" "నేను చూసుకుంటాగా" అన్నాను.

గౌరీకుండ్ నుంచి కేదారనాథ్‌కు దాదాపు 16 కిలోమీటర్లు. 2013 వరదల్లో పాత దారి కొట్టుకుపోయాక కొత్తగా వేసిన దారి ఇది. గుడి ఉన్నది 11,700 అడుగుల పైన. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. స్వామి దర్శనం అయింది. మర్నాడు దిగుతున్నాం. లించోలి దాటాక దారంతా బురద, గుర్రాల పేడ, కింద తడిరాళ్లు. ఎదురుగా కంచరగాడిదల వరుస వస్తుంటే పక్కకు జరుగుతూ మా ఇంటావిడ కుడికర్ర మీద బరువు వేసింది. టక్కుమని శబ్దం. కర్ర కర్రలోకి దూరిపోయింది. ఆవిడ ముందుకు పడి కుడిచెయ్యి నేలకు ఆనించింది. మణికట్టు ఎముక విరిగింది.

దారిలోని వైద్య శిబిరంలో కట్టు కట్టారు. డోలీ మీద కిందికి దించాం. గౌరీకుండ్‌లో యాత్రికులకు అమ్మే మామూలు కర్రలు బారులుగా పెట్టి ఉన్నాయి. వాటి పక్కనుంచే డోలీ వెళ్లింది. ఎవరి చేతిలోనూ అవి విరగడం నేను చూడలేదు. ఆరు వారాలు కట్టు, తర్వాత మూడు నెలలు వ్యాయామాలు. ఇప్పటికీ ఆవిడ తడిచీర పిండలేదు. ఆ పని నేను చేస్తున్నాను.

ఇంటికి వచ్చాక కంపెనీకి జరిగినదంతా రాశాను. ఈసారి జవాబు తొందరగానే వచ్చింది. ఆ మోడల్ తయారీ ఆగిపోయిందట, ఆ లాకు భారతదేశంలో లభ్యం కాదట. విచారిస్తూ, కొత్త జత మీద 15 శాతం తగ్గింపు ఇస్తారట! ఏడు పనిదినాలలో పంపుతామన్న లాకు అసలు ఉందో లేదో చూడకుండానే మాట ఇచ్చారన్నమాట.

స్టోర్సు మనిషిగా నాకు కోపం వచ్చింది అక్కడే. మనం కొత్త రకం బస్సు తీసుకుంటే, దాంతోపాటు ఏ స్పేర్లు ఎన్ని ఉంచాలో ముందే లెక్క వేసేవాళ్లం. త్వరగా అరిగేవి వేరు, ఎప్పుడో గాని పోనివి వేరు. ప్రతిదానికీ పార్టు నంబరు, బిన్ కార్డు. నిల్వ ఒక హద్దు దిగువకు వస్తే ఇండెంటు. స్పేరు లేక బండి షెడ్డులో పడి ఉంటే రోజూ పైకి సంజాయిషీ. వేల బస్సులకు మనం చేసిన పని, నాలుగు రకాల కర్రలు అమ్మే కంపెనీ చేయలేదా? చేయగలదు. చేయదు. లాకు అమ్మితే వచ్చేది వందో రెండొందలో. కొత్త జత అమ్మితే వేలు. బేరం అక్కడుంది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. వీపుసంచి బకిలు విరిగితే ఏ సంచుల దుకాణంలోనైనా అదే వెడల్పుది దొరుకుతుంది, కుట్టించుకోవచ్చు. కర్రల లాకు అలా కాదు. ఏ కంపెనీ గొట్టం దానిదే, ఏ లాకు దానిదే. ఒకరిది మరొకరికి పట్టదు. అంటే కొన్నరోజు నుంచి మనం వాళ్లకే కట్టుబడి ఉన్నాం. వాళ్లు మాత్రం మనకు కట్టుబడి లేరు.

విరిగిన లాకును విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లాను. లేత్ పని చేసే కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇంత చిన్నదానికి ఇంత గొడవేంటి బాబాయ్ గారూ" అని, సాయంత్రానికి అల్యూమినియంతో చేసి ఇచ్చాడు. 250 రూపాయలు. నా బరువంతా వేసి ఇంట్లో వారం రోజులు పరీక్షించాను. కదల్లేదు. కాని నేను అక్కడితో ఊరుకోలేదు.

2023 జనవరిలో జాతీయ వినియోగదారుల సహాయకేంద్రం నంబరు 1915కు ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. ఫిర్యాదును కంపెనీకి పంపారు. కంపెనీ మళ్లీ ఆ 15 శాతం పాటే పాడింది. ఏప్రిల్‌లో మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాను. ఇక్కడ మీకు తెలియవలసిన సంగతులు చెబుతాను. 1986 డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదం పొందిన పాత చట్టం కింద, సాధారణంగా ఎదుటివారు ఉన్నచోటో, వ్యవహారం జరిగినచోటో కేసు వేయాల్సి వచ్చేది. 2020 జులై నుంచి అమల్లోకి వచ్చిన 2019 చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే వేయవచ్చు. కంపెనీ బెంగళూరులో ఉన్నా సరే. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు. రెండేళ్లలోగా వేయాలి. ఇంతే.

నా కేసులో బలం ఏమిటో తెలుసా? విరిగిన చెయ్యి కాదు. వారంటీ అయిపోయింది, నల్లటేపు చుట్టి వాడింది నేనే. ఆ మాట వాళ్ల లాయరు అననే అన్నారు, నేను ఒప్పుకున్నాను. బలం ఆ ఉత్తరానిది. 'లాకు 7 పనిదినాలలో పంపుతాము' అని వాళ్లే రాసి ఇచ్చిన మాట. అది చూపించాక వాళ్లే రాజీకి వచ్చారు. సెప్టెంబరులో ఒక జత ధర, వైద్య ఖర్చుల్లో కొంత, నాలుగు లాకులు ఇచ్చారు. అవునండీ, దేశంలో లభ్యం కాని లాకులు నాలుగు, కంపెనీ ముద్ర ఉన్న పొట్లంలో వచ్చాయి!

కొందరు మిత్రులు "రిపేరు హక్కు వచ్చిందటగా" అంటారు. 2022 డిసెంబరు 24న కేంద్ర ప్రభుత్వం ఆ పేరుతో ఒక పోర్టల్ ప్రారంభించిన మాట నిజమే. కాని దానికి ఎంచుకున్న రంగాలు నాలుగు: వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు. కర్రలు, గుడారాలు, కొండ బూట్లు అందులో లేవు. కాబట్టి ఈ సరుకుకు మన జాగ్రత్తే మనకు రక్ష. నా అనుభవం మీద నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఒకటి, ధర అడిగేముందు స్పేర్లు అడగండి. "ఇందులో ఏది ముందు అరుగుతుంది? అది మీ దగ్గర ఇప్పుడు ఉందా? ధరెంత?" అని. చూపించలేకపోతే ఆలోచించండి. ఉంటే ఆ రోజే ఒకటి అదనంగా కొనండి. ఎన్నేళ్లు ఇస్తారో బిల్లు మీద రాయించండి.

రెండు, పెట్టె పారేయకండి. ప్యాకింగ్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఫిర్యాదులకు ఫోన్ నంబరు ఉండాలని తూనికల నిబంధనలు చెబుతున్నాయి. నా నోటీసు సరైన చిరునామాకు వెళ్లింది ఆ పెట్టె అట్ట పుణ్యమే.

మూడు, ఫోన్లో మాట్లాడండి, కాని అదేరోజు ఆ మాటను ఉత్తరంగా పంపండి. నోటి మాట గాలికి పోతుంది.

నాలుగు, ఇది అన్నిటికంటే ముఖ్యం. పగులు కనిపించిన వస్తువు మీద మనిషి బరువు వేయకండి. లాకు పక్కన చిన్న మర ఉంటుంది, బయలుదేరే ముందు బిగించి, కర్ర మీద వాలి చూడండి. స్పేరు రాకపోతే ప్రయాణం మానండి, లేదా గౌరీకుండ్‌లో కర్ర కొనుక్కోండి. కంపెనీ తప్పు కంపెనీదే. నల్లటేపు తప్పు నాది. దానికి ఏ కమిషనూ నాకు పరిహారం ఇవ్వలేదు, ఇవ్వలేదు కూడా.

క్రిందటి నెల మేమిద్దరం మళ్లీ అలిపిరి ఎక్కాం. అవే కర్రలు. ఆవిడ కుడికర్రకు కంపెనీ లాకు వేద్దామంటే ఒప్పుకోలేదు. "ఆటోనగర్ కుర్రాడిదే ఉంచండి" అంది.