4కె వీడియో కోసం గ్రాఫిక్స్ కార్డు కొంటున్నారా? బాక్స్ మీద జీబీలు చూసి మోసపోకండి!

ఈ ఎపిసోడ్‌లో 4కె వీడియోలు చూడటానికి ఎలాంటి గ్రాఫిక్స్ కార్డు తీసుకోవాలో మాట్లాడుకుందాం. గేమింగ్ సంగతి పక్కన పెట్టండి, ఓన్లీ వీడియో.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్తాను. మా అక్క పెళ్లి వీడియోని ఫొటోగ్రాఫర్ 4కెలో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. ఇంట్లో పాత డెస్క్‌టాప్‌లో పెడితే, సరిగ్గా అప్పగింతల దగ్గర బొమ్మ ఆగిపోయింది, సన్నాయి మాత్రం మోగుతూనే ఉంది. షాపుకెళ్లి, బాక్స్ మీద 4 జీబీ అని పెద్ద అక్షరాలతో ఉన్న కార్డు కొనుక్కొచ్చాను. బీటెక్ చదివి, సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తూ కూడా ఇంకేం చూడలేదు. తెచ్చి పెడితే మళ్లీ అదే కథ! అమ్మ ఏమీ అనలేదు. "పోనీలే నాన్నా, ఫోన్లో చూస్తాలే" అంది. అదే ఫైల్ ఫోన్‌లో హాయిగా ప్లే అయింది.

కార్డు చేయలేని పని ఫోన్ ఎలా చేసింది? అసలు విషయం ఇక్కడే ఉంది.

4కె అంటే 3840 × 2160. ఒక్కో ఫ్రేమ్‌లో దాదాపు 83 లక్షల పిక్సెళ్లు, ఫుల్ హెచ్‌డీకి నాలుగు రెట్లు. అంత డేటాని అలాగే దాచలేం కాబట్టి కోడెక్‌తో కుదిస్తారు. చూసేటప్పుడు దాన్ని మళ్లీ విప్పాలి. ఆ పనికి చిప్‌లో డీకోడర్ అని ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. ఫైల్ ఏ కోడెక్‌లో ఉందో దానికి డీకోడర్ లేకపోతే, భారం మొత్తం ప్రాసెసర్ మీద పడుతుంది. మా ఫైల్ హెచ్‌ఈవీసీ 10 బిట్. ఫోన్‌లో దానికి డీకోడర్ ఉంది, నేను కొన్న పాత తరం కార్డులో లేదు. జీబీలు ఎన్నున్నా ఆ లోటు తీరదనమాట.

సో, కొనేముందు మూడు చూడండి.

ఒకటి, కోడెక్. హెచ్‌ఈవీసీ 10 బిట్, వీపీ9 రెండూ తప్పనిసరి. ఎన్‌విడియా జీటీ 1030 లాంటి చిన్న కార్డు కూడా ఈ రెండూ చేస్తుంది. యూట్యూబ్ ఇప్పుడు ఏవీ1 కూడా వాడుతోంది. అది కావాలంటే ఆర్‌టీఎక్స్ 30 సిరీస్, లేదా ఇంటెల్ ఆర్క్ నుంచి మొదలుపెట్టండి. ఏఎండీలో ఆర్‌ఎక్స్ 6600కి ఏవీ1 ఉంది, కానీ అదే సిరీస్‌లోని 6400, 6500 ఎక్స్‌టీలకు లేదు. జాగ్రత్త!

రెండు, హెచ్‌డీఎంఐ. 1.4 పోర్ట్ అయితే 4కెలో 30 హెర్ట్జ్ వరకే. 60 కావాలంటే 2.0 ఉండాలి. కార్డుకే కాదు, టీవీకి కూడా.

మూడు, అసలు కార్డు అవసరమా? ఇంటెల్ 7వ తరం ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్‌కే హెచ్‌ఈవీసీ 10 బిట్ వచ్చేసింది, 11వ తరంలో ఏవీ1 కూడా వచ్చింది. మోడల్ పేరు చివర ఎఫ్ ఉంటే మాత్రం లోపలి గ్రాఫిక్స్ పనిచేయదు.

మీ సిస్టమ్‌ని ఇప్పుడే టెస్ట్ చేయండి. విండోస్‌లో 4కె వీడియో ప్లే చేస్తూ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, జీపీయూ ఓపెన్ చేయండి. వీడియో డీకోడ్ గ్రాఫ్ కదులుతుంటే డీకోడర్ పని చేస్తున్నట్టే. అది సున్నా దగ్గరే ఉండి సీపీయూ 100కి వెళ్తే, ప్రాబ్లం దొరికినట్టే. యూట్యూబ్‌లో అయితే వీడియో మీద రైట్ క్లిక్ చేసి, స్టాట్స్ ఫర్ నెర్డ్స్‌లో కోడెక్ పేరు, డ్రాప్ అయిన ఫ్రేమ్‌లు చూడొచ్చు.

నేను తర్వాత సరైన డీకోడర్ ఉన్న 2 జీబీ కార్డు పెట్టాను. అమ్మ అప్పగింతలు టీవీలో పెద్దగా పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ చూసింది. ఆ 4 జీబీ కార్డు మాత్రం ఇప్పటికీ బీరువా మీదే ఉంది.

మీ ప్రాసెసర్, కార్డు మోడల్ కామెంట్‌లో రాయండి, 4కె ఆడుతుందో లేదో చెప్తాను. డబ్బులు కట్టేముందే అడగండి, కట్టాక కాదు! మళ్లీ కలుద్దాం, బై!