విన్నిపెగ్‌లో మొదటి చలికాలం

కెనడా ప్రెయిరీ మైదానాల్లోని విన్నిపెగ్‌కు కొత్తగా వెళ్లినవారిని ముందుగా ఆశ్చర్యపరిచేది కార్ల ముందు వేలాడే కరెంటు ప్లగ్గు. మైనస్ 30 డిగ్రీల చలిలో ఇంజను మొరాయించకుండా వెచ్చగా ఉంచే హీటరు తీగ అది. అంత చలిలోనూ ఊరు తలుపులేసుకుని కూర్చోదు. రెడ్, అసినిబోయిన్ నదులు కలిసే ఫోర్క్స్ దగ్గర నీరు గట్టిగా గడ్డకట్టగానే నదిమీదే స్కేటింగ్ బాట వేస్తారు. మనవళ్లతోపాటు తాతలూ దిగుతారు. ఆ ఊరి అసలు అందం నాకు అక్కడే కనిపిస్తుంది. ఇక తిండికొస్తే, ఉక్రెయిన్ వలసదారుల పెరోగీలు, అంటే ఆలుగడ్డ ముద్ద కూరి ఉడికించిన కజ్జికాయల్లాంటివి, ఇప్పుడు అందరి వంటకం. 1970లో మొదలైన ఫోక్లోరమా పండుగ ఆగస్టులో వస్తుంది, దేశదేశాల ఆటపాటలతో. అంతదాకా చలికి జడిసి ఇంట్లోనే ఉండిపోకండి. మంచి కోటు, బూట్లు మాత్రం వెళ్లగానే కొనుక్కోండి.