పాదాలకు బీమా ఉందా?

(ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద ప్రసంగం అనగానే గుండె గురించో, బి.పి. గురించో చెబుతారని మీరు అనుకొని ఉంటారు. నేను పాదాల గురించి మాట్లాడదామని వచ్చాను. ఎమిరేట్స్‌లో మన జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల అన్నదమ్ములు, గోదావరి జిల్లాల, కడప అక్కచెల్లెళ్ళు సంపాదించేది పాదాల మీద నిలబడే. ఎండలో, బరువైన సేఫ్టీ బూట్లలో, చెమటకు నానిన సాక్సుల్లో గంటల తరబడి నిలబడాలి.

కంపెనీల గ్రూప్ ఇన్సూరెన్స్ కాగితాలు చూడటం నా ఉద్యోగం. అందులో చూసిన ఒక మేస్త్రి సంగతి చెబుతాను. పేరు, ఊరు వద్దు. ఆయనకు షుగర్ ఉంది. అరికాలిలో ఆనె కాసింది. తీయించుకుందామని క్లినిక్కుకు వెళితే, "ఇది మీ పాలసీలో రాదు, చేతి డబ్బు కట్టాలి" అన్నారు. గదికి వచ్చి బ్లేడుతో తనే కోసుకున్నాడు. షుగర్ వల్ల పాదంలో స్పర్శ తగ్గింది కనుక పుండు పడిన సంగతి సాక్సు తడిసేదాకా తెలియలేదు. చివరికి రెండు వేళ్ళు తీసేశారు. ఆ ఆసుపత్రి బిల్లు మాత్రం అదే పాలసీ కట్టింది. ఆనె కోయడానికి రాని బీమా, వేళ్ళు కోయడానికి వచ్చింది!

ఇందులో చట్టవిరుద్ధమేమీ లేదు. అబుదాబిలో 2005 నాటి 23వ నంబరు చట్టం, దుబాయిలో 2013 నాటి 11వ నంబరు చట్టం ఉద్యోగికి బీమా తప్పనిసరి చేశాయి. షార్జా, అజ్మాన్ మొదలైన ఉత్తర ఎమిరేట్స్‌లో ప్రైవేటు ఉద్యోగులకూ, ఇంటి పనివారికీ 2025 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. ప్రీమియం యజమానే కట్టాలి, జీతంలో కోయకూడదు. అయితే చట్టం అడిగేది కనీస ప్యాకేజీ. ఉత్తర ఎమిరేట్స్ ప్రాథమిక ప్యాకేజీ ఏడాదికి 320 దిర్హములు. అందులో డాక్టరు ఫీజులో 25 శాతం, మందుల్లో 30 శాతం కార్మికుడు భరించాలి. అది దాటి ఏం కావాలన్నా ఒప్పందంలో రాయించుకోవాలి.

అనేక పాలసీల చివరి పేజీల్లో "వర్తించనివి" అని ఒక జాబితా ఉంటుంది. ఆనెలు, గోళ్ళ సంరక్షణ, చదును పాదాలు, ప్రత్యేక ఇన్‌సోల్స్, బూట్లు అక్కడే కనబడతాయి. వాటిని సోకు కింద లెక్క కడతారు. స్పర్శ లేని పాదానికి అవి సోకులు కావు, వైద్యం.

పని చేస్తుండగా పాదానికి దెబ్బ తగిలితే లెక్క వేరు. 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం ప్రకారం కోలుకునేదాకా, లేదా వైకల్యం తేలేదాకా, వైద్యం ఖర్చు యజమానిదే. ఆరు నెలల వరకు పూర్తి జీతం, తర్వాత ఆరు నెలలు సగం జీతం. అందుకే మేకు గుచ్చుకున్నా, ఇటుక పడినా ఆ రోజే ఫోర్‌మన్‌కు చెప్పి కాగితం మీద రాయించుకోవాలి. రాయించకపోతే అది "మామూలు పుండు" అయిపోతుంది.

ఈ హాల్లో కాంట్రాక్టర్లు, హెచ్.ఆర్. మేనేజర్లు ఉన్నారు. మీకు నా మనవి మూడు. పాలసీ రెన్యువల్ అప్పుడు, షుగర్ ఉన్నవారికి పాదాల వైద్యుడి సేవలు వర్తిస్తాయని ఒక వాక్యం అడిగి రాయించండి. ఏడాదికొకసారి క్యాంపులో పాద పరీక్ష పెట్టించండి. సన్నని నైలాన్ పోగుతో అరికాలిని తాకి స్పర్శ చూసే పరీక్ష అది, కొద్ది నిమిషాల పని. బూట్లు ఇచ్చేటప్పుడు కొలత చూసి ఇవ్వండి. స్టోరులో మిగిలిన సైజు అంటగట్టకండి.

కార్మిక సోదరులకు ఒక్కమాట. రాత్రి పడుకునే ముందు అరికాలు చూసుకోండి. వంగి చూడలేకపోతే అద్దం కింద పెట్టుకోండి, లేదా గదిలో తమ్ముణ్ణి చూడమనండి. వేళ్ళ సందులు తడి లేకుండా తుడుచుకోండి. బూటు తొడిగేముందు దులపండి. బ్లేడు జోలికి పోకండి.

ఇంటికి పంపే ప్రతి రూపాయి వెనుకా ఈ పాదాలే ఉన్నాయి. వచ్చే రెన్యువల్‌లో ఆ ఒక్క వాక్యం రాయించితే మరో మేస్త్రి వేళ్ళు దక్కవచ్చు. సెలవు.