ద్రాక్షకులపు అలంకారపు తీగెలు

సోమశిలవద్ద పెన్నానది వెలిగొండలను చీల్చుకొని మైదానమునకు దిగును. అచ్చటి జలాశయము సుమారు 78 టి.ఎం.సి.ల నీటిని నిలువజేయగలదు. అయినను ఆ చుట్టుప్రక్కల మెట్టభూములకు ఎండ తక్కువ కాలేదు. ఆత్మకూరునుండి ఉదయగిరివైపు పోవుచు ముళ్లకంచెలను, రాతిగట్లను పరికించి చూచినచో, నాలుగు పలకలతో, కణుపు కణుపునకు నొక్కులు పడి, పచ్చగా ప్రాకుచున్న తీగె యొకటి కనబడును. అదియే నల్లేరు. అది ద్రాక్షకు దాయాది యనిన కొందరికి వింతగా తోచవచ్చును.

ఈ బంధుత్వమును గుర్తించుట సులభము. ద్రాక్షతీగెలో నులితీగ ఆకు మొదటినుండి పుట్టదు. కణుపువద్ద ఆకున కెదురుగా పుట్టును. నల్లేరునందును అంతే. ఈ నులితీగయే ఈ కులమువారి చేయి. ఆసరా దొరికినచో చుట్టుకొని, తీగెను పైకి లాగికొనును.

ఇదే కులమునకు చెందిన రెండు తీగెలు శీతదేశములందు గృహాలంకారములుగా పేరొందినవి. ఒకటి ఉత్తర అమెరికాలో పుట్టిన వర్జీనియా క్రీపరు. రెండవది చైనా, జపాను, కొరియా దేశములది. పేరు మాత్రము బోస్టన్ ఐవీ. వీని నులితీగల కొనలయందు చిన్న బిళ్లలు ఏర్పడి గోడకు అంటుకొనును. తీగెల నడకను గూర్చి 1865లో ప్రకటించిన గ్రంథమున చార్లెస్ డార్విన్, పదేండ్ల నాటి నులితీగ కొమ్మ యొకటి ఎండిపోయియు రెండు పౌనుల బరువును మోసినదని వ్రాసెను. ఆకురాలు కాలమున ఆ గోడలు ఎఱ్ఱబారును. కాని ఆ ఎఱుపు చలివలన వచ్చునది. మన మెట్టలో దాని నాశించి ఆ మొక్కలను కొని తెచ్చుట వృథాప్రయాస.

మన పట్టణములలో ఇండ్లమీద కనబడునది పరదా తీగె. ఉష్ణమండలపు అమెరికానుండి వచ్చినది. దాని కాండమునుండి వేరులు సన్నని దారములవలె క్రిందికి జారి, వాకిట తెర కట్టినట్లుండును. చూచుట కింపుగా నుండునుగాని, దానికి నీరు కావలెను, అదుపును కావలెను. చెట్టు నెక్కనిచ్చినచో చెట్టునే కప్పివేయును.

ఇక ద్రాక్షపందిరి మాట. హైదరాబాదు ప్రాంతమున అనాబ్-ఇ-షాహి ద్రాక్షను పందిళ్లపై పెంచిరి. కాని పండ్లకొఱకు పెంచు ద్రాక్షను ఏప్రిల్ నెలలో నొకసారి, అక్టోబరులో నొకసారి కత్తిరింతురు. నీడ మిక్కిలి కావలసిన వేసవి తొలినాళ్లలోనే పందిరి బోసిపోవును. పండును, నీడను ఒకే తీగెనుండి కోరుట కష్టము.

సోమశిల జలాశయము నిండినప్పుడు కడపజిల్లాలోని పల్లెలు కొన్ని మునిగినవి. ఇల్లు కదలి క్రొత్తచోటికి పోయిన కుటుంబమునకు గోడలు లేచినను చెట్టునీడ వెంటనే రాదు. వేప నాటిన యేడే నీడ నీయదు కదా. ఇట్టి వాకిళ్లకు తీగె యొక్కటే త్వరగా నందివచ్చు చుట్టము. ఏ తీగె యనునది నీటినిబట్టి తేల్చుకొనవలెను. దినమును నీరు పోయగలవారు పరదా తీగెను పందిరిపై నిలుపవచ్చును. బిందె నీటికి దూరము నడచువారికి మేము నల్లేరునే చెప్పుదుము.

నల్లేరు కాండము పగలు తన రంధ్రములను మూసికొని, రాత్రి చల్లబడిన పిదప తెరచి బొగ్గుపులుసు గాలిని గ్రహించును. అందువలన నీరు ఆవిరియై పోవుట తగ్గును. ఎండలు ముదిరినప్పుడు ఆకులు రాల్చును. పచ్చని కాండమే ఆకుల పని చేయును. పనులు సులభముగా సాగుటను 'నల్లేరుమీద బండి నడక' యందుము. బండి నలిపిన తీగెలో మిగిలిన కణుపు మరల వేరు తొడుగుననుట సామెతలో లేదు. రైతు కది తెలియును.

నాటుట యిట్లు: రెండు మూడు కణుపుల ముక్కలను కోసి, కోసినచోటు ఆరుటకు ఒకటి రెండు దినములు నీడ నుంచవలెను. నీరు నిలువని ఇసుకపాలు నేలలో, ఈశాన్యపు వానలు ఆరంభమగు అక్టోబరులో నాటవలెను. నల్లేరు నున్నని గోడ నంటుకొనదు. వెదురు తడికయో, తీగల వరుసయో కావలెను. పడమటి కిటికీ ముందు దగ్గర దగ్గరగా అల్లినచో సాయంకాలపు ఎండను కొంత యాపును. ఇది పందిరికి చాలదు, తెరకు చాలును.

లేతకాడల పచ్చడి మన యిండ్ల యెఱుకలోనిదే. పచ్చికాడ తాకిన దురద పుట్టును. అందుండు సూదులవంటి సన్నని స్ఫటికములే దానికి కారణము. కనుకనే చేతికి నూనె రాచికొని, నార తీసి, నూనెలో వేయించి, చింతపండు చేర్చుదురు. పిల్లలు పచ్చికాడను, పండ్లను నోట పెట్టకుండ చూడవలెను. ఎముకలు అతుకునని వైద్యమున దీనిని వాడుట పూర్వమునుండి కలదు. సంస్కృతమున అస్థిసంహారి యనియు, వజ్రవల్లి యనియు పేళ్లు. అయినను ఎముక విఱిగినవానిని ముందు వైద్యుని యొద్దకే చేర్చవలెను.

ముళ్లకంచె తీసి ఇనుపతీగ కంచె వేయునాడు నల్లేరు పెరికి పారవేయబడుచున్నది. శ్రోతలారా, ఆ నాలుగు ముక్కలను పారవేయక క్రొత్త కంచె మొదటనే గ్రుచ్చుడు. ఇనుము తుప్పు పట్టునాటికి అది తానే కంచెయై నిలిచియుండును.