907 మ్యాచ్‌ల తర్వాత

ఇవాళ్టి పనులు పక్కన పెట్టి వచ్చి వెనక వరసల్లో సర్దుకుని కూర్చున్న అమ్మలకు, నాయనలకు రెండు చేతులా నమస్కారం. పట్టాలు అందుకోబోతున్న పిల్లలూ, మీకు అభినందనలు.

ఇలాంటి సభల్లో పెద్ద పెద్ద విజేతల కథలు చెప్పడం ఆనవాయితీ. అవి మీరు చాలానే విని ఉంటారు. నేను ఆటలు నేర్పే పీడీగా పనిచేసి రిటైరైన మనిషిని. నాకు తెలిసింది ఆటలే కనుక ఒక ఆటగాడి సంగతే చెప్తాను. ఆయన పేరు మీలో ఎవరూ విని ఉండరు: రాన్ హెయిన్సీ. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో బోల్టన్ అనే చిన్న ఊరు ఆయనది. 1981లో పుట్టాడు. ఐస్ హాకీలో డిఫెన్స్‌మన్.

రేగొండలో ఐస్ హాకీ ఏందని ఆ మూల ఎవరో నవ్వుతున్నారు. నవ్వండి. మనకు తెలిసిన ఐసు సోడా బండి మీదిదే కదా. అయినా ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్తా. మంచు గచ్చు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. జట్టుకు ఐదుగురు ఆటగాళ్ళు, వెనక ఒక గోలీ. బంతి ఉండదు. 170 గ్రాముల బరువున్న గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది. మంచు మీద ఎగిరెగిరి పడకుండా మ్యాచ్‌కు ముందే దాన్ని ఫ్రీజర్‌లో పెడతారు. అది గంటకు 150 కిలోమీటర్లు దాటిన వేగంతో వస్తుంది. డిఫెన్స్‌మన్ చేయాల్సింది దానికి అడ్డం పోవడం. ఒక మోకాలు మంచుకు ఆనించి, కర్ర నేలకు పరిచి, దెబ్బ పిక్కకు తగులుతుందో పక్కటెముకకు తగులుతుందో తెలియకుండా ఒళ్ళు అడ్డం పెడతాడు. ముప్పావు నిమిషం అట్లా ఆడి, ఊపిరందక బల్ల మీద కూలబడతాడు. కాసేపాగి మళ్ళీ దూకుతాడు. అతను మంచు మీద ఉన్నంతసేపు ఏమీ జరగకపోతే పని బాగా చేసినట్టు.

మీలో కబడ్డీ ఆడినవాళ్ళకు ఇది తొందరగా అర్థమవుతుంది. నేను లెఫ్ట్ కార్నర్ ఆడినోణ్ణి. రైడర్ బోనస్ తెస్తే ఊరంతా ఈల వేస్తుంది. కార్నర్‌లో నిలబడ్డవాడు గుర్తొచ్చేది పట్టు జారినప్పుడే.

హెయిన్సీ మొదట్లో అనామకుడేం కాదు. 2000 సంవత్సరం డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, మాంట్రియల్ జట్టు ఆయన్ని 13వ స్థానంలో ఎంచుకుంది. అంత ముందు వరసలో ఎంచుకున్నారంటే స్టార్ అవుతాడని లెక్క. కాలేదు. ఎక్కువ కాలం కింది లీగ్‌లోనే ఆడించారు. 2005 నవంబరులో పేరు తీసి వేవర్స్ జాబితాలో పెట్టారు. అంటే, ఈ ఆటగాణ్ణి కావలసిన జట్టు తీసుకోవచ్చు, బదులుగా మాకేమీ ఇవ్వక్కర్లేదు అని. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడికి ఆ మాట ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి. కొలంబస్ జట్టు తీసుకుంది. 2008లో అట్లాంటాకు వెళ్ళాడు. 2011లో ఆ జట్టునే అమ్మేస్తే, ఎండలు కాసే జార్జియా నుంచి ఎముకలు కొరికే చలి ఉన్న విన్నిపెగ్‌కు, వేరే దేశానికి, జట్టుతోపాటు ఆయనా వెళ్ళాడు. ఎవరూ ఆయన్ని అడగలేదు. 2013లో ఒప్పందం ముగిసింది. ఆ ఎండాకాలమంతా ఫోను కోసం ఎదురుచూశాడు. సెప్టెంబరులో కరోలినా జట్టు పిలిచి ఒకే ఒక్క ఏడాదికి సంతకం పెట్టించుకుంది.

అన్నిటికన్నా విచిత్రం వేరే ఉంది. ఐపీఎల్ చూసేవాళ్ళకు ప్లేఆఫ్స్ అంటే చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో ఆయన ఆడిన ఉత్తర అమెరికా లీగ్‌లో 30 జట్లుంటే 16 జట్లు ప్లేఆఫ్స్‌కు వెళ్ళేవి. సగం పైన! అయినా హెయిన్సీకి ఒక్కసారీ ఆ రాత లేదు. 2005లో ఆయన్ని వదిలేసిన మాంట్రియల్ ఆ సీజన్‌లోనే ప్లేఆఫ్స్ ఆడింది. 2008లో ఆయన కొలంబస్ విడిచాడు, 2009లో కొలంబస్ తన చరిత్రలో మొదటిసారి ప్లేఆఫ్స్ చేరింది. 2013లో విన్నిపెగ్ విడిచాడు, 2015లో విన్నిపెగ్ చేరింది. మన దగ్గరైతే ఈపాటికి ఆయన కాలు మంచిది కాదని తేల్చేసేవాళ్ళం. అట్లా ఒకటీ రెండూ కాదు, 907 మ్యాచ్‌లు ఆడాడు. ప్లేఆఫ్స్ మంచు తొక్కకుండా అన్ని మ్యాచ్‌లు ఆడినవాడు ఆ లీగ్ చరిత్రలో అప్పటిదాకా లేడు.

2017 ఫిబ్రవరిలో పిట్స్‌బర్గ్ ఆయన్ని తెచ్చుకుంది. పిట్స్‌బర్గ్ అనగానే మన తెలుగువాళ్ళకు వెంకన్న గుడి గుర్తొస్తుంది. మా అక్క కొడుకు అక్కడే ఉంటాడు, ఈ కథ నాకు చెప్పింది వాడే. ప్లేఆఫ్స్‌కు వారం ముందు ఆ జట్టులోని పెద్ద డిఫెన్స్‌మన్ క్రిస్ లెటాంగ్ మెడకు ఆపరేషన్ అవసరమై తప్పుకున్నాడు. బరువంతా మిగిలినవాళ్ళ మీద పడింది. ఏప్రిల్ 12న హెయిన్సీ మొదటి ప్లేఆఫ్ మ్యాచ్ ఆడాడు. ఎదురుగా ఉన్న జట్టు, ఒకప్పుడు తనను చేరదీసిన కొలంబస్. అప్పటికి ఆయనకు 36 ఏళ్ళు. జూన్ 11న నాష్‌విల్‌లో ఫైనల్ గెలిచారు. కెప్టెన్ సిడ్నీ క్రాస్బీ పదిహేను కిలోలకు పైగా బరువున్న స్టాన్లీ కప్‌ను ఎత్తి, ఒక చుట్టు తిరిగి, ముందుగా ఎవరి చేతికిచ్చాడో తెలుసా? ఏళ్ళ తరబడి కలిసి ఆడిన స్టార్లు పక్కనే ఉన్నారు. నాలుగు నెలల కింద వచ్చిన హెయిన్సీకి ఇచ్చాడు.

కథ ఇక్కడితో ఆపితే మీరు చప్పట్లు కొడతారు, నేను కూర్చోవచ్చు. కానీ నాకు కప్పు మీద అంత మోజు లేదు. లెటాంగ్ మెడ బాగుండి ఉంటే, ఆ ఫైనల్ రెండు మ్యాచ్‌లు అటు తిరిగి ఉంటే, హెయిన్సీ చేతికి కప్పు వచ్చేదే కాదు. అప్పుడు ఆ 907 మ్యాచ్‌లు వృథా అనేవాళ్ళమా? జట్టు తర్వాత జట్టు ఆయన్ని పనిలోకి తీసుకుంది కప్పు తెస్తాడని కాదు. ఇచ్చిన చోట నిలబడతాడని, పక్కవాడికి అడ్డం రాడని, రేపు మళ్ళీ వస్తాడని తీసుకుంది. ఆయన గొప్ప నాకు ఎవరూ పట్టించుకోని మంగళవారం రాత్రుల మ్యాచ్‌లలోనే కనిపిస్తుంది. కప్పు తర్వాత కూడా టొరంటోలో, ఒట్టావాలో ఆడి, 1132 మ్యాచ్‌ల దగ్గర ఆపాడు.

పిల్లలూ, పరకాల నుంచి భూపాలపల్లి పోయే ఈ రోడ్డు మీద మీ బతుకులు ఎటు పోతాయో నాకు కొంత తెలుసు. కొందరు గ్రూప్స్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గదులు తీసుకుంటారు. కొందరు చెల్పూరు పవర్ ప్లాంటులో, సింగరేణిలో కాంట్రాక్టు కింద చేరతారు. ప్రైవేటు బడుల్లో పాఠాలు చెప్తారు, హన్మకొండలో షాపుల్లో లెక్కలు రాస్తారు, హైదరాబాద్‌లో ఏడాదికో కంపెనీ మారతారు. కొడవటంచ జాతరకు ఇంటికొచ్చినప్పుడు ఎవరో ఒక పెదనాయన అంటాడు: "వానికి నిలకడ లేదురా, మళ్ళ మారిండట." ఆ మాటకు కుంగిపోకండి. మారడం మీ తప్పు కాకపోవచ్చు. కాంట్రాక్టు మారుతుంది, యాజమాన్యం మారుతుంది, బ్రాంచి ఎత్తేస్తారు.

అయితే ఇక్కడ ఒక తేడా కూడా చెప్పాలి, లేకపోతే మోసం చేసినవాణ్ణవుతాను. హెయిన్సీకి అట్లాంటా ఐదేళ్ళకు రెండు కోట్ల పైచిలుకు డాలర్లిచ్చింది. మీకు నెలకు పదిహేను వేలిచ్చి, "సర్దుకుపోవాలి, కష్టపడాలి" అనేవాళ్ళు ఉంటారు. ఇట్లాంటి కథలు వాళ్ళకు భలే పనికొస్తాయి. కాబట్టి ఆయన చేసిన ఇంకో పని కూడా వినండి. 2012లో యజమానులు లీగ్‌కు తాళం వేసినప్పుడు, ఆటగాళ్ళ సంఘం తరఫున చర్చల్లో కూర్చున్నవాళ్ళలో ఆయనొకడు. 2013 జనవరిలో ఒప్పందం కుదిరాకే ఆట మొదలైంది. ఆట మానేశాక అదే సంఘంలో ఉద్యోగంలో చేరాడు. ఇచ్చిన చోట నిలబడటమూ, ఇచ్చిన జీతం న్యాయమేనా అని అడగడమూ ఒకే మనిషి చేయగలడు. సింగరేణి పక్కన పుట్టినవాళ్ళకు సంఘం విలువ నేను చెప్పాలా?

చివరిగా, పీడీ సార్ మాటగా మూడు పనులు అడుగుతున్నా. ఇవాళ మీ చేతికొచ్చే పట్టాను ఏ యాజమాన్యం అడిగినా వాళ్ళ బీరువాలో పెట్టకండి, జిరాక్సు ఇచ్చి ఒరిజినల్ ఇంటికి తెచ్చుకోండి. చేరిన రోజే నియామక పత్రం కాగితం మీద అడగండి. మొదటి జీతం చీటీలో పీఎఫ్ కోత ఉందేమో, మీ యూఏఎన్ నంబరు ఉందేమో చూసుకోండి. లేకపోతే ఆ నెలలోనే అడగండి, ఒక్కరే కాదు, పక్క కుర్చీవాణ్ణి కూడా వెంటబెట్టుకుని పోయి అడగండి.